గిండీ పేరు చూడాలా, సీఎస్ఈ చూడాలా? పాప కాలేజీ గురించి సలహా కావాలి

ప్రశ్న (అంబత్తూరు నుంచి ఒక అమ్మ)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. పాప ఆరో తరగతి నుంచి ఇక్కడే చదివి ఇప్పుడు ప్లస్ టూ పూర్తి చేసింది. లెక్కల్లో 96, ఫిజిక్స్‌లో 94, కెమిస్ట్రీలో 96, అంటే 200కి కటాఫ్ 191 (లెక్కలు పూర్తిగా, మిగతా రెండూ సగం చొప్పున కలుపుతారు). ఒక డీమ్డ్ యూనివర్సిటీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఇస్తామంటున్నారు, ఫీజు మాత్రం ఎక్కువ కట్టాల్సిన కేటగిరీలో, అడ్వాన్సు వారంలో కట్టాలట. తమిళనాడు ప్రభుత్వ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఇంకా మొదలవలేదు. గిండీలో, అంటే అన్నా యూనివర్సిటీ సొంత ఇంజనీరింగ్ కాలేజీలో, సీఎస్ఈ రాదని తెలుసు, జియోఇన్ఫర్మాటిక్స్ లాంటిది రావచ్చని అంటున్నారు. ఊళ్లో మా ఆడపడుచుకి డీమ్డ్ పేరు చెప్తే అబ్బో అంటుంది, గిండీ అంటే అదెక్కడ అని అడుగుతుంది. పక్కింటి తమిళావిడ దీనికి పూర్తిగా ఎదురు, గిండీ వస్తే ఇంకేం ఆలోచించొద్దు అంటుంది. పాపకు కోడింగ్ ఇష్టం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (గిండీలో చదివినవాడిని)

అక్కా, గిండీ 1794లో సర్వే స్కూలుగా మొదలైంది, మన ఇంజనీరు కె.ఎల్.రావు గారు చదివింది కూడా అక్కడే, కాబట్టి ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. ఫీజు కూడా డీమ్డ్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ నేను కోరుకోని బ్రాంచ్‌లో నాలుగేళ్లు ఉన్నాను, అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నా: క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో కొన్ని ఏ బ్రాంచ్ వాళ్లనైనా కూర్చోనిస్తాయి, కొన్ని ఫలానా బ్రాంచ్‌లనే పిలుస్తాయి, నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది గానీ రెండో ఏడాది నుంచి క్లాసు పుస్తకాలు ఒకవైపు, కోడింగ్ ఒకవైపు పెట్టుకుని రాత్రుళ్లు కూర్చుంటేనే వచ్చింది. పాప అంత కష్టపడగలదా అనేది మీరు కాదు, తనే చెప్పాలి. జియోఇన్ఫర్మాటిక్స్‌లో మ్యాపులు, శాటిలైట్ చిత్రాలు, వాటి డేటాతో పని ఉంటుంది, కోడింగ్‌కి మరీ దూరం కాదు. ఇంకొకటి, అన్నా యూనివర్సిటీ అంటే గిండీ ఒక్కటే కాదు, దాని కింద వందల అఫిలియేటెడ్ కాలేజీలున్నాయి. ఏజెంట్లు "అదే డిగ్రీ కదమ్మా" అంటారు, డిగ్రీ మీద యూనివర్సిటీ పేరు ఒకటే అయినా ల్యాబులూ లెక్చరర్లూ ఒకటి కావు. అలాగని అన్నీ తీసేయకండి, వాటిలో కొన్నిటిలో సీఎస్ఈ నిజంగా బాగుంటుంది, పాప మార్కులకు వాటిని కూడా చూడాలి.

జవాబు (వేలచ్చేరి, ఇద్దరు పిల్లల తండ్రిని)

అమ్మా, హోర్డింగుల మీద వేసే హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్క పిల్లాడిది, దాన్ని చూడకండి. ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకులు) ర్యాంకింగ్‌కి కాలేజీలు ఇచ్చే వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెడతారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అని అందులో ఉంటుంది. ఆ లెక్కలు కాలేజీలు స్వయంగా ఇచ్చుకున్నవే అన్నది మాత్రం గుర్తుంచుకోండి. ర్యాంకులో పరిశోధనకే 30 శాతం మార్కులు పోతాయి, బీటెక్ పిల్లకు దానితో ఎంత పని? అందుకే కాలేజీ ర్యాంకు కన్నా ఆ బ్రాంచ్‌కి ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే బోర్డు) గుర్తింపు ఉందో లేదో చూడండి, అది బ్రాంచ్ వారీగానే ఇస్తారు.

అడ్వాన్సు విషయంలో తొందరపడకండి. మా పెద్దాడికి ఒక కాలేజీలో కట్టి తర్వాత వద్దనుకుంటే, డబ్బుల కోసం ఐదు నెలలు తిప్పారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా దగ్గర పెట్టుకున్నారు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకు కేంద్ర మండలి) నియమం ప్రకారం గడువులోపు మానుకుంటే 1000 రూపాయలకు మించి పట్టుకోకూడదు, సర్టిఫికెట్లు ఆపకూడదు. అది తెలిసి గట్టిగా అడిగాకే తిరిగి ఇచ్చారు. ఎప్పటిలోగా మానుకుంటే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే కట్టండి.

జవాబు (పెరంబూరు)

ఒకటి ఎవరూ చెప్పలేదు. ఆంధ్రాలో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ ఇక్కడి కౌన్సెలింగ్‌లో చెల్లదు, మీ పాపను ఓసీలోనే చూస్తారు. ఇక్కడ 69 శాతం రిజర్వేషన్, ఓపెన్‌లో మిగిలేది 31 శాతమే, అందుకని పోయినేడు కటాఫ్‌లు చూసేటప్పుడు ఓసీ వరుసే చూడండి. ఆప్షన్లు మాత్రం వస్తుందా రాదా అని కాకుండా ఇష్టమైన వరుసలోనే పెట్టండి. వచ్చిన సీటు ఉంచుకుని పైదానికి ఎదురుచూసే అవకాశం కూడా ఉంటుంది.

ప్రశ్న అడిగిన అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. పాపకు ఇవన్నీ చదివి వినిపించాను. జియోఇన్ఫర్మాటిక్స్ సిలబస్ తనే డౌన్‌లోడ్ చేసుకుని చూస్తోంది. రీఫండ్ సంగతి రాసివ్వమని డీమ్డ్ వాళ్లకు ఇప్పుడే మెయిల్ పెట్టాం.