ఐర్లండ్‌లో మేయో కౌంటీకి వస్తున్నా, కాసిల్‌బార్ ఊరు ఎలా ఉంటుంది?

అందరికీ నమస్తే. కాసిల్‌బార్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్స్‌గా ఆఫర్ వచ్చింది. డబ్లిన్‌లో ఉన్న ఫ్రెండ్స్ ఏమో అక్కడ గొర్రెలు, వాన తప్ప ఏముంది అంటున్నారు. మా ఆయన ఫార్మా క్యూసీ (మందుల కంపెనీలో క్వాలిటీ చెకింగ్), ఆయనకి జాబ్ దొరుకుతుందా? కొంచెం చెప్పండి.

>> చెల్లీ, పల్లెటూరే, దాచేదేముంది. 2022 సెన్సస్‌లో కౌంటీ మొత్తం కలిపి లక్షా 38 వేల లోపే జనం. కానీ మీ ఆయన్ని డబ్లిన్‌లోనే వెతకమనకు, పక్కనే వెస్ట్‌పోర్ట్‌లో ఆబ్‌వీ మందుల కంపెనీ ప్లాంట్ ఉంది (ఇదివరకు అలెర్గాన్), బొటాక్స్ తయారయ్యేది అక్కడే, బాలినాలో హాలిస్టర్ వాళ్ళు మెడికల్ సామాన్లు చేస్తారు. నీకు క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (నర్సుల్లాంటి కొరత ఉద్యోగాలకిచ్చే వర్క్ పర్మిట్) వచ్చాక ఆయనకి స్టాంప్ 1జీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఇస్తారు, విడిగా పర్మిట్ అక్కర్లేదు.

ఇక నేల సంగతి. చూడ్డానికి పచ్చగా ఉంటుంది గానీ పంట భూమి తక్కువ, గడ్డి, గొడ్లు, గొర్రెలు, మిగతాది బోగ్, అంటే వేల ఏళ్ళుగా మొక్కలు కుళ్ళి పేరుకుపోయిన నల్లటి తడి నేల, దాన్ని ముక్కలుగా కోసి ఎండబెట్టి చలికాలం ఇళ్ళలో కాల్చుకుంటారు, టర్ఫ్ అంటారు. ఉత్తరాన బాలికాసిల్ దగ్గర 1930ల్లో ఒక స్కూలు మాస్టారు టర్ఫ్ కోస్తుంటే అడుగున రాళ్ళ వరసలు తగిలాయి, తర్వాత ఆర్కియాలజిస్ట్ అయిన వాళ్ళ అబ్బాయే తవ్వించి చూస్తే అవి రాతియుగం రైతుల పొలం గట్లు! కేజ ఫీల్డ్స్ అంటే అదే, తప్పకుండా చూడు.

>> అక్క చెప్పింది కరెక్టే. నేను ఇంకోటి కలుపుతా. భూమి కోసం కొట్లాడిన జిల్లా ఇది. కరువులో చితికిపోయి కౌలు కట్టలేక ఇల్లు పోగొట్టుకున్న కుటుంబంలో పుట్టిన మైకేల్ డేవిట్, 1879లో ల్యాండ్ లీగ్ అనే కౌలు రైతుల సంఘం పెట్టించాడు, మరుసటి ఏడాది లాఖ్ మాస్క్ చెరువు దగ్గర బాయ్‌కాట్ అనే జమీందారు ఏజెంటుకి కూలీలు పనికి రాలేదు, కొట్లో సరుకులివ్వలేదు, చివరికి పంట కోయడానికి బయటి మనుషుల్ని సైన్యం కాపలాతో తేవాల్సొచ్చింది. తెలంగాణ దొరల కథలు విన్నవాళ్ళకి కొత్తేం కాదు ఇది. స్ట్రేడ్‌లో డేవిట్ మ్యూజియం ఉంది. టర్లోలో కంట్రీ లైఫ్ మ్యూజియం అయితే ఫ్రీ, మా అత్తగారు వచ్చినప్పుడు వెన్న చిలికే పీపాల దగ్గర్నుంచి కదల్లేదు.

జులై చివరి ఆదివారం జనం మొక్కుగా క్రో పాట్రిక్ కొండ ఎక్కుతారు, 764 మీటర్లు, కొందరు చెప్పుల్లేకుండానే. తిరుమల మెట్లలా ఉంటుందనుకోకు, పైన అంతా జారే రాళ్ళు, కర్ర తీసుకెళ్ళు.

కారు లేకపోతే మాత్రం ఇవేవీ కుదరవు. ఇండియా లైసెన్స్ ఇక్కడ ఎక్స్‌చేంజ్ చేసుకోనివ్వరు, దిగిన వారంలోనే థియరీ టెస్ట్ బుక్ చేసెయ్.