గ్రీన్ టీ చేదెక్కుతోంది, మొటిమలకు రాయొచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి): బోరు నీళ్లతో గ్రీన్ టీ పెడితే ముదురు రంగు, చేదు, పైన తెట్టు. పరగడుపున తాగితే కడుపులో తిప్పుతోంది. మొటిమల మీద రాయొచ్చా అండీ?

జవాబు: తెట్టు బోరు నీళ్లలోని కాల్షియం వల్ల, ఫిల్టర్ నీళ్లు వాడండి. చేదుకు కారణం సలసల కాగే నీళ్లు. స్టవ్ ఆపి 80 డిగ్రీలకు దిగేదాకా, సుమారు 5 నిమిషాలు ఆగండి. 200 మి.లీ.కి 2 గ్రాముల ఆకు వేసి 2 నిమిషాలకే వడకట్టండి. టీ బ్యాగును పిండొద్దు. ఇరానీ చాయ్‌లా మరిగించడం దీనికి అస్సలు పనికిరాదు.

జవాబు: కడుపులో తిప్పేది టీకి వగరునిచ్చే టానిన్ల వల్ల, ఏదైనా తిన్నాకే తాగండి. కానీ భోజనంతో పాటు వద్దు: పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గంట తేడా ఉంచండి, రక్తహీనత ఉంటే మరీ ముఖ్యం. బరువు తగ్గిస్తామనే గ్రీన్ టీ మాత్రల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, ఎక్కువ మోతాదులో కాలేయం దెబ్బతినొచ్చు.

జవాబు: మొటిమలకు చక్కెర, నిమ్మరసం కలపని టీని చల్లార్చి, దూదితో 10 నిమిషాలు అద్ది కడిగేయండి. ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి. ఎరుపు కాస్త తగ్గొచ్చు, మచ్చలు పోవు. మిగిలింది ఫ్రిజ్‌లో ఒక్క రోజే. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ తప్పదు.