క్షేత్ర టెక్నీషియన్ పేరు పరిశోధన పత్ర రచయితల్లో ఉండాలా?

పుత్తూరు పద్మ:
నేను ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేశాను. జీవావరణం, జీవపరిణామం మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో వచ్చే సోమవారం ప్రాజెక్టు టెక్నీషియన్‌గా చేరబోతున్నాను. నెలకు పది రోజులు శేషాచలం అడవుల్లో లెక్కలు రాయడం, మిగిలిన రోజుల్లో బల్లుల తోక కొసల నుంచి డీఎన్‌ఏ తీయడం నా పని అని చెప్పారు. ఆ పనితో వెలువడే పత్రాల్లో నా పేరు రచయితల వరుసలో ఉంటుందా, చివరి కృతజ్ఞతల్లో ఉంటుందా అని అడుగుదామంటే, ముందు ఉద్యోగంలో చేరు, పేర్ల సంగతి తరువాత చూసుకోవచ్చు అని ఇంట్లో వారిస్తున్నారు. ఇలా అడగడం తప్పా?

స్వర్ణముఖి:
అడగడం తప్పు కాదు. అయితే జీతం తీసుకుని చేసే పనికి జీతమే ప్రతిఫలమన్నది ముందే తెలుసుకోండి. నమూనాలు పాడవకుండా సీసాల్లో పోసే ఎథనాల్ మార్చడం, గొట్టాల మీద అంకెలు వేయడం, డీఎన్‌ఏ ప్రతులను పెంచే పీసీఆర్ యంత్రంలో నమూనాలు పెట్టడం తప్పనిసరి పనులే కానీ, అవి ఆలోచన కావు. ప్రశ్న ఎవరిదో, దానికి జవాబు వెదికే పద్ధతి ఎవరిదో, రాసిందెవరో వారే రచయితలు. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను కనుక అనుభవంతోనే చెబుతున్నాను.

బల్లిలెక్క:
ఎథనాల్ మార్చడం ఆలోచన కాదన్న మాటను నేను ఒప్పుకోలేను. మూడేళ్లు ఈ పనే చేశాను. ఆ సంస్థ పొరుగు రాష్ట్రానిది, పేరు చెప్పను. తలకోన వైపు బంగారు బల్లుల గుడ్లు లెక్కించడం మా పని. ఆ బల్లులు చాలా కలిసి ఒకే బండ అడుగున గుడ్లు అంటించి పెడతాయి. మొదటి నాలుగు నెలలూ కనిపించిన తెల్లటి గుండ్రాలన్నిటినీ గుడ్లుగానే రాసుకున్నాము. ఒక మధ్యాహ్నం నేను బండ కింద వెల్లకిలా పడుకుని, టార్చి వెలుగును పక్కవాటుగా వేసి చూస్తే చాలావాటికి ఒక పక్క రంధ్రం ఉంది, లోపల ఖాళీ. పిల్లలు వెళ్లిపోయిన పెంకులు రాతిని వదలవు, కొత్త గుడ్లు వాటి నడుమే చేరతాయి. అంటే పోయిన ఏటి పెంకులను కూడా ఈ ఏటి గుడ్లతో కలిపి లెక్కిస్తున్నామన్న మాట. ఆ రాత్రే బండ ఫొటో మీద ప్రతి గుడ్డుకూ ఒక అంకె ఇచ్చి, నెలనెలా దాని స్థితి రాసే పద్ధతిని కాగితం మీద పెట్టి ఇచ్చాను. పత్రంలో అది రెండు పేరాలైంది. నా పేరు మాత్రం క్షేత్ర సహాయానికి ధన్యవాదాలు చెప్పిన వాక్యంలో పడింది, అందులోనూ ఇంటిపేరు తప్పు.

కాణిపాకం కుర్రాడు:
ఇంటిపేరు తప్పుగా పడిందన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చంద్రగిరి మాస్టారు:
1900 తరువాత ఎవరి కంటా పడని కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల్ల అడవుల్లో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చినవారు ఐతన్న అనే స్థానికుడు. పక్షి ఎక్కడ తిరుగుతుందో ఆయనకు తెలుసు, శాస్త్రవేత్తలకు తెలియదు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాడిగా, ఆ ఎరుకను సహాయం అని పిలవడానికి నాకు మనసొప్పదు.

స్వర్ణముఖి:
మాస్టారూ, ఐతన్న గారి పేరు చరిత్రలో గౌరవంగానే నిలిచింది, కానీ గౌరవం వేరు, రచయిత హోదా వేరు. 1988లో రిచర్డ్ లెన్‌స్కీ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఈ.కొలై బ్యాక్టీరియా మీద మొదలుపెట్టిన పరిణామ ప్రయోగాన్ని చూడండి. ఒకే మూలం నుంచి వచ్చిన 12 సంతతులను రోజూ వందో వంతు చొప్పున కొత్త ద్రావణంలోకి మారుస్తారు. వాటిలో సగం ఒక ప్రత్యేక పోషకం మీద ఎర్రటి చుక్కలుగా, సగం తెల్లటి చుక్కలుగా పెరిగేలా ముందే ఏర్పాటు చేసి, ఎరుపు ఒకటి తెలుపు ఒకటి చొప్పున మార్చుకుంటూ పోతారు. చేయి తప్పి ఒకటి మరొకదానిలో కలిస్తే రంగు పట్టిస్తుంది. చేతి పొరపాటును ముందే ఊహించిన ఆ ఏర్పాటే ఆలోచన.

నా కప్పల నమూనాల విషయంలో అలాంటి ఏర్పాటు లేకపోయింది. మా టెక్నీషియన్ ఒక ట్రేలో అంకెలు తారుమారు చేశాడు. ఏ కప్ప ఏ కొండదో తేలక రెండు వానకాలాల పని పక్కన పెట్టాను. ఫోను చేస్తే ఎత్తలేదు. సమీక్షకులకు నేనొక్కడినే జవాబు చెప్పుకున్నాను. రచయిత అంటే ఆ రోజున నిలబడేవాడు. మీరెవరూ నిలబడరు, ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు.

బల్లిలెక్క:
మీ ట్రే తప్పును మా అందరి మీదా వేయకండి. వెళ్లిపోతామని అంటున్నారు, పంపినదెవరు? నా ఒప్పందం పదకొండు నెలలకోసారి రాసేవారు. మూడోసారి గడువు ముగిసిన మరునాడే నా సంస్థ మెయిల్ ఆగిపోయింది. పత్రం వెలువడింది ఆ తరువాత రెండేళ్లకు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితకు నాలుగు షరతులు పెట్టింది, చాలా సంస్థలు వాటినే పాటిస్తాయి. పని రూపకల్పనలోనో, వివరాల సేకరణలోనో, విశ్లేషణలోనో గణనీయమైన పాత్ర, రాయడంలో లేదా దిద్దడంలో భాగం, తుది ఆమోదం, బాధ్యత. మొదటి షరతు నెరవేర్చిన వారికి మిగిలిన మూడింటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ముసాయిదా నాకు చూపకుండా, రాయలేదు కనుక రచయితవు కావు అంటే ఎలా? నా లెక్క తప్పయితే ఆ తప్పు కూడా నా పేరునే రావాలని కోరుకున్నాను.

చంద్రగిరి మాస్టారు:
మీ ఇద్దరి తగవూ ఎథనాల్ గురించి కాదని ఇప్పుడు అర్థమవుతోంది. పదకొండు నెలల మనిషి మీద రెండేళ్ల తరువాతి బాధ్యత పెట్టవచ్చా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

స్వర్ణముఖి:
అవును, నా అభ్యంతరం అదే. తప్పు తన పేరునే రావాలని ఒక టెక్నీషియన్ అనగా నేను ఇంతవరకు వినలేదు. ముసాయిదా చూపించి తీరాలని ఒప్పుకుంటున్నాను. ఎథనాల్ విషయంలో మాత్రం నా మాట మారదు.

బల్లిలెక్క:
అయితే ఒకటి చెప్పండి. మీ ట్రేలో గొట్టాల మీద అంకెలు దేనితో వేశారు? మామూలు మార్కరు సిరా ఎథనాల్ తగిలితే కరిగిపోతుంది. అందుకే పెన్సిలుతో రాసిన కాగితపు ముక్కను గొట్టం లోపల కూడా వేస్తాము. చెరిగిన అంకెలను ఆ అబ్బాయి గుర్తున్నంత మేరకు తిరిగి రాసి ఉండవచ్చు.

స్వర్ణముఖి:
మార్కరుతోనే వేశాడు. మూతల మీద నీలి మరకలు చూసిన గుర్తుంది. ఆ మార్కర్లు కొని ఇచ్చింది నేనే.

పుత్తూరు పద్మ:
అందరికీ ధన్యవాదాలు. రచయితల వరుస గురించి సోమవారం అడగను. గడువు ముగిశాక ముసాయిదాను ఏ చిరునామాకు పంపుతారని అడిగి, నా సొంత మెయిల్‌ను ఒప్పంద పత్రంలోనే రాయించుకుంటాను. బల్లిలెక్క గారూ, గొట్టం లోపల వేసే ఆ ముక్కకు మామూలు నోటుపుస్తకం కాగితం సరిపోతుందా, నానితే విడిపోతుందా?

బల్లిలెక్క:
పలుచటి కాగితం వద్దమ్మా, నానితే పీచుపీచుగా విడుతుంది. బొమ్మలు గీసుకునే మందపాటి కాగితం కత్తిరించుకోండి. తేదీ, బండ సంఖ్య రెండు వైపులా రాయండి.