పిల్లల డిజిటల్ కథల్లో తాకితే కదిలే బొమ్మలు అవసరమా?

ప్రశ్న: ఆరేళ్ల పిల్లల కోసం తెలుగులో డిజిటల్ కథల పుస్తకం తయారుచేస్తున్నాము. ప్రతి పుటలోనూ తాకితే కదిలే బొమ్మలు, చిన్న ఆటలు పెట్టాలా, లేక చదివి వినిపించే గొంతు చాలునా?

జవాబు 1: ఆటలు వద్దని నా అభిప్రాయం. 2015లో టకాక్స్, స్వార్ట్, బస్ అనే పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, కథకు తోడుగా నడిచే కదలిక, ధ్వని పిల్లల అవగాహనకు మేలు చేశాయనీ, తాకే బొమ్మలు, ఆటలు మాత్రం దృష్టిని మళ్లించాయనీ తేలింది. ఉదాహరణకు, కథలో కోడిపుంజు తెల్లవారినప్పుడే కూయాలి. పిల్లవాడు తాకినప్పుడల్లా కూస్తే చదువుతున్న వాక్యం మధ్యలోనే తెగిపోతుంది.

జవాబు 2: గొంతు చదువుతున్నప్పుడు ఆ పదం రంగు మారేలా చేయండి. డిజిటల్ పుస్తకాల తయారీకి వాడే ఈపబ్ 3 ప్రమాణంలో అందుకు మీడియా ఓవర్‌లే అనే ఏర్పాటు ఉంది. తెలుగులో సంధి వల్ల పదాలు పొడవుగా సాగుతాయి కనుక నెమ్మదిగా చదివించండి. పుట తనంతట తాను తిరగకూడదు, తిప్పే అధికారం పిల్లలదే.