ఆఫర్ చేతికొచ్చాక కంపెనీ గురించి వాకబు చేయొచ్చా, చేయకూడదా?

కావలి మెకానికల్:
బీటెక్ చివరి ఏడాది. శ్రీసిటీ వైపున్న ఒక విడిభాగాల కంపెనీకి క్యాంపస్‌లో సెలక్టయ్యాను. రెండేళ్లలోపు మానకూడదని బాండ్ రాయాలంటున్నారు, కాగితం మాత్రం ఇంకా చూపించలేదు. కనుక్కుందామంటే నాన్న "వచ్చిన ఉద్యోగానికి వంకలు వెతకబాక" అంటాడు. కాలేజీలో కూడా ఎక్కువ ప్రశ్నలు వేయొద్దన్నారు. ఫ్రెండ్స్ నెట్‌లో స్టార్లు చూసి ఒకటి చెత్త, ఒకటి సూపర్ అని తేల్చేస్తున్నారు. అసలు ఎంతవరకు ఆరా తీయాలి? తీసి ఉపయోగముందా?

ఒంగోలు ప్లేస్‌మెంట్ సార్:
ప్లేస్‌మెంట్ పని చూసే లెక్చరర్‌గా చెప్తున్నా. డ్రైవ్‌కి ముందు ఎంతైనా చూసుకో. ఎంపికయ్యాక కూపీలు లాగి, జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్లతోనే మాకు తలనొప్పి. మరుసటి ఏడు ఆ హెచ్‌ఆర్ మా ఫోన్ ఎత్తడు. చెన్నై, హైదరాబాద్ కాలేజీలకు ఇది లెక్కలోకి రాదు. ఒంగోలు దాకా రమ్మని కంపెనీలను బతిమాలుకునే మాకు జూనియర్ల బ్యాచ్ మొత్తం పోతుంది. ఇక రివ్యూలంటారా, కోపంతో మానేసినవాళ్లు రాసేవి కొన్ని, హెచ్‌ఆర్ రాయించేవి కొన్ని.

ముత్తుకూరు సూపర్‌వైజర్:
సార్ బాధ నిజమే, కానీ అది కాలేజీ బాధ. రెండేళ్లు పని చేయాల్సింది ఆ అబ్బాయి. తమ్ముడూ, ముందు ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీదుందో చూడు. మా పోర్టు వైపు గేటు మీద పేరొకటి, జీతం చీటీ మీద పేరొకటి ఉండడం మామూలే. ఊళ్లో పెద్ద కంపెనీ పేరు చెప్పుకుంటాం, డబ్బులిచ్చేది కాంట్రాక్టరు. నువ్వు ఆరా తీయాల్సింది ఆయన గురించి.

దర్గామిట్ట ఆడిట్ ఆఫీస్:
అందరూ స్టార్ల దగ్గరే ఆగిపోతున్నారు. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన ప్రతి కంపెనీకీ అక్షరాలు, అంకెలు కలిపి 21 గుర్తుల సీఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. లెటర్‌హెడ్ మీద అది వేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఎల్‌తో మొదలైతే షేర్ మార్కెట్‌లో లిస్టయినది, యుతో మొదలైతే కానిది. తర్వాత ఐదంకెలు వ్యాపారం రకం, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు రిజిస్టరైన ఏడాది. "మాది పాతికేళ్ల అనుభవం" అని స్లైడ్ వేసినవాళ్ల నంబరులో 2021 ఉంటే, ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో డైరెక్టర్లెవరో, మూలధనమెంతో కూడా కనబడతాయి.

నేనైతే ముందు పీఎఫ్ చూస్తా. ఈపీఎఫ్‌ఓ సైట్‌లో సంస్థ పేరు కొడితే ఏ నెలకు ఎంతమందికి, ఏ తేదీన కట్టారో వస్తుంది. మరుసటి నెల 15లోపు కట్టాలి. ప్రతి నెలా ఆలస్యమవుతుంటే జీతాల సంగతీ అనుమానించొచ్చు. ఏడాదిలో జనం సగానికి పడిపోతే కారణం అడగాలి.

ఒంగోలు ప్లేస్‌మెంట్ సార్:
అమ్మా, పీఎఫ్ తప్పనిసరి అయ్యేది 20 మంది ఉన్న సంస్థకే. చిన్న యూనిట్ పేరు అక్కడ లేకపోతే మా పిల్లలు దొంగ కంపెనీ అని ప్రచారం చేస్తారు. కొత్త ఫ్యాక్టరీ మొదట్లో నష్టాలు చూపిస్తే దివాలా అంటారు.

దర్గామిట్ట ఆడిట్ ఆఫీస్:
నష్టాలు చూసి పారిపొమ్మని నేననలేదు సార్. 20 మంది కూడా లేని చోట రెండేళ్ల బాండ్ దేనికని అడగమంటా, అంతే.

చీమకుర్తి నాన్న:
మా పాప డిప్లొమా చదువుతోంది. నాకు ఈ నంబర్లేమీ తెలియవు. రాత్రి షిఫ్ట్ దిగాక కంపెనీ బస్సు హాస్టల్ గేటు దాకా వస్తుందా, హైవే మీద దించేసి పోతుందా? అది కావాలి నాకు. 10 మంది పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది కదా, అందులో ఎవరున్నారని అడిగితే కాలేజీ పేరు పోతుందా సార్?

ముత్తుకూరు సూపర్‌వైజర్:
అన్న మాట కరెక్టు. బస్సు సంగతి ఏ సైట్‌లోనూ ఉండదు. షిఫ్ట్ మారే టైముకి గేటు ముందు టీకొట్టు దగ్గర నిలబడు తమ్ముడూ. జీతం ఏ తేదీన పడుతోంది, ఓవర్‌టైం డబ్బులు విడిగా ఇస్తున్నారా, క్యాంటీన్‌కి ఎంత కోస్తున్నారు అని అడుగు. "కంపెనీ బాగుందా" అని మాత్రం అడగబాక, ఆ ప్రశ్నకి ఎవడైనా ఏడుస్తాడు. బాండ్ గురించి టెన్షన్ పడొద్దు, కోర్టులో అవి చెల్లవులే.

దర్గామిట్ట ఆడిట్ ఆఫీస్:
ఆ మాట నమ్మి సంతకం పెట్టొద్దు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నియామకం జరపాలంటే అయ్యే ఖర్చు కూడా కోర్టు చూసింది. ప్రైవేటు కంపెనీ ఎంత రాసుకున్నా చెల్లుతుందని దానర్థం కాదు. చెల్లనే చెల్లదని కూడా కాదు.

కావలి మెకానికల్:
ఆఫర్ లెటర్ మళ్లీ తీసి చూశా. పైన కంపెనీ లోగో ఉంది, కింద సంతకం దగ్గర ఏదో మ్యాన్‌పవర్ ఏజెన్సీ స్టాంపు. సీఐఎన్ ఎక్కడా లేదు. సార్, నేను ఎవరి రోల్స్‌లో, అంటే ఎవరి ఉద్యోగిగా ఉంటానో, బాండ్ కాపీ ఎప్పుడిస్తారో మా కాలేజీ మెయిల్ నుంచి అడిగించుకోవచ్చా?

ఒంగోలు ప్లేస్‌మెంట్ సార్:
రోల్స్ గురించి కాలేజీయే అడగాలి. బాండ్ నీ సొంత వ్యవహారం, నువ్వే రాయి.

ముత్తుకూరు సూపర్‌వైజర్:
అదేంది సార్? కుర్రాడొక్కడే అడిగితే పొగరనుకుంటారు. రెండూ ఒకే మెయిల్‌లో పోతే మీకొచ్చే నష్టమేముంది?

ఒంగోలు ప్లేస్‌మెంట్ సార్:
సరే, మా దగ్గరైతే రెండూ కలిపే పంపిస్తా. కానీ జవాబు నచ్చకపోతే జాయినింగ్ తేదీకి వారం ముందే రానని రాసివ్వాలి. ఆ మాట ఇవ్వనివాడి తరఫున నేను మెయిల్ పెట్టను.