థెస్సలొనీకిని తిరిగి కట్టిన ఎబ్రార్: ఊరిని నిలబెట్టాడా, ఊరివాళ్లను తోసేశాడా?

పాతమ్యాపులు:
మొన్న ఇక్కడ "తగలబడ్డ ఊరిని బాగా కట్టిన ఆర్కిటెక్ట్ ఎవరు" అని అడిగితే అందరూ లండన్, క్రిస్టఫర్ రెన్ అని రాసి వెళ్లిపోయారు. రెన్ సెయింట్ పాల్స్ కట్టాడు, యాభై దాకా చర్చిలు కట్టాడు, ఒప్పుకుంటా. కానీ ఊరి మొత్తానికి ఆయన గీసిన ప్లాన్ 1666లో మంటలు ఆరి వారం తిరక్కుండానే రాజు చేతికి వెళ్లి అక్కడితోనే ఆగిపోయింది. వీధులు చాలావరకు పాత దారుల్లోనే లేచాయి.

గీసిన ప్లాన్‌ని నిజంగా నేల మీదికి దించినవాడు ఎర్నెస్ట్ ఎబ్రార్, ఫ్రెంచివాడు. ఊరు గ్రీసులోని థెస్సలొనీకి. 1917 ఆగస్టు 18న శరణార్థులు ఉంటున్న ఇంట్లో వంట దగ్గర రేగిన నిప్పురవ్వ గడ్డి మీద పడింది. పైన గట్టి గాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు కాబట్టి ఊరి చుట్టూ మిత్రరాజ్యాల సైన్యం దిగి ఉంది, నీళ్లు చాలావరకు వాళ్ల క్యాంపులకే పోతున్నాయి. 32 గంటలు మండింది. 9,500 దాకా ఇళ్లు పోయాయి, 70,000 మందికి పైగా రోడ్డున పడ్డారు. ఎబ్రార్ అప్పటికే ఫ్రెంచ్ సైన్యం వెంట అక్కడే పురావస్తు తవ్వకాలు చేయిస్తున్నాడు. గ్రీసు ప్రధాని వెనిజెలోస్ ప్రభుత్వంలో మంత్రి పాపనస్తాసియు వేసిన కమిటీలో ముఖ్యుడు ఆయనే అయ్యాడు. కాలిన చోట ఎవరూ సొంతంగా కట్టకూడదని ఆర్డర్ వేసి, ఇరుకు సందుల స్థానంలో వెడల్పు రోడ్లు, సముద్రం నుంచి కొండ వైపు ఓ పెద్ద వీధి గీశారు. నా మట్టుకు ఇది చాలా మంచి పని. మీరేమంటారు?

చలికాలం చాయ్:
ఫొటోలు లేకుండా ఇంత రాశారేంటి బాబూ.

సిమెంట్ రంగడు:
"నేల మీదికి దించినవాడు" అన్న మాట తప్పు. ఆ ఊరి ఫొటోల్లో అందరూ చూసేది అరిస్టోటెలూస్ స్క్వేర్. అందులో ఎక్కువ భాగం కట్టింది 1950లలో. ఎబ్రార్ పోయింది 1933లో. పోయినవాడు ఎలా కడతాడు సార్?

పాతమ్యాపులు:
రంగడు గారూ, కట్టింది మేస్త్రీలు, గీసింది ఆయన. కింద కమానులు, పైన అన్ని బిల్డింగులకూ ఒకే రకం ముఖం, ఆ బైజాంటిన్ (పాత తూర్పు రోమన్ కాలపు) పద్ధతి అంతా 1918 నాటి ఆయన డిజైనే.

కొండవీటి చేంతాడు:
కమానులు బాగున్నాయండీ, కాదనను. ఆ కమానుల చోట అంతకుముందు ఎవరున్నారో మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆ ఊరి జనంలో పెద్ద భాగం యూదులు, స్పెయిన్ నుంచి తరిమేస్తే వచ్చి నాలుగు వందల ఏళ్లుగా అక్కడే బతుకుతున్నవాళ్లు. ఇళ్లు పోయినవాళ్లలో యాభై వేల దాకా వాళ్లే. 1918లో చట్టం తెచ్చి కాలిన నేలంతా ప్రభుత్వం లాక్కుంది, యజమానుల చేతిలో బాండు కాగితాలు పెట్టింది. తర్వాత కొత్తగా ప్లాట్లు కోసి వేలం పెట్టారు. పాత యజమానికి ఉన్న సదుపాయమల్లా, బయటివాడితో సమానంగా పాడితే స్థలం అతనికే ఇస్తారు. సమానంగా పాడగలిగితే కదా! ఇల్లు కాలి గుడారంలో పడుకున్నవాడు బ్యాంకు ఉన్న వ్యాపారితో పోటీపడి పాడతాడా?

ఈ బాండ్ల సంగతి నాకు బాగా తెలుసు. మా నాన్నగారి షాపు ముందు భాగం రోడ్డు వెడల్పులో పోయింది. ఎర్ర మార్కు వేసినవాళ్లు మళ్లీ ముఖం చూపించలేదు. డబ్బులకు బదులు టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం, అమ్ముకోవచ్చు) ఇస్తామన్నారు, దానికోసం నాన్నగారు తిరిగిన తిరుగుళ్లు నేను చూశాను. తీరా చేతికొచ్చాక ఒక బిల్డరు సగం ధరకు అడిగాడు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది, కొడతామన్న సగం షాపు మాత్రం ఎప్పుడో పోయింది.

రైల్వే కాలనీ:
మాకూ సేమ్ కథ.

సిమెంట్ రంగడు:
1918లో డిజైన్ చేసి 1950లలో కడితే మధ్యలో ఎంత మారి ఉంటుంది? దానికి జవాబు రాలేదు.

పాతమ్యాపులు:
చేంతాడు గారూ, మీ బాండు కోపాన్ని తీసుకెళ్లి వందేళ్ల కిందటి ఫ్రెంచివాడి నెత్తిన రుద్దకండి. మార్కు వేసింది ఎబ్రార్ కాదు. ఎవరి స్థలంలో వాళ్లను కట్టుకోనిస్తే మళ్లీ అవే సందులు, చెక్క ఇళ్లు, అదే మంట. ఆ ఊరికి సరైన ఫైర్ సర్వీసే లేదు, ఉన్న జట్లు ఇన్సూరెన్స్ కంపెనీలవి.

కొండవీటి చేంతాడు:
"మీ బాండు కోపం" అట. నష్టపోయినవాడు మాట్లాడితే కోపం, లాభపడినవాడు మాట్లాడితే ప్లానింగ్. అడిగిన దానికి జవాబు లేనప్పుడు ఇలాగే మాట్లాడతారు లెండి. మీరు ఆ ఊరిని మ్యాపులోనే చూశారు.

పాతమ్యాపులు:
సరే, నా సంగతీ వినండి. మా పాత బజారులో మా బాబాయి బట్టల కొట్టు తగలబడ్డప్పుడు ఫైరింజను సందు మొదట్లో ఆగిపోయింది. లోపలికి పట్టలేదు. రెండు పక్కలా అరుగులు, మెట్లు ముందుకు జరిపి కట్టుకున్నవాళ్లు ఉన్నారు, అందులో మావాళ్లూ ఉన్నారు. పైపులు లాక్కుంటూ వచ్చేసరికి పై అంతస్తు కూలింది. లోపల పడుకున్న పనివాడు బతకలేదు. మీరు "మా స్థలం, మా హక్కు" అన్నప్పుడల్లా నాకు ఆ సందు గుర్తొస్తుంది. ఇంకోసారి మ్యాపుల సంగతి ఎత్తకండి.

మోడరేటర్:
ఇద్దరూ మనుషుల్ని వదిలి విషయం మాట్లాడండి. ఈ చర్చకు తాళం వేయించకండి.

ఉప్పుటేరు:
ఇప్పటిదాకా చదివాను. రోడ్డు వెడల్పు చేయొద్దని ఇక్కడ ఎవరూ అనలేదు, చేంతాడు గారు కూడా అనలేదు. కానీ పాతమ్యాపులు గారు ప్రతిసారీ రోడ్డు గురించే జవాబిస్తున్నారు. అసలు ప్రశ్న, రోడ్డుకు పోగా మిగిలిన స్థలాన్ని వేలం ఎందుకు వేయాలి? ఉన్నవాళ్లకే కొంచెం చిన్న ప్లాటు తిరిగి ఇవ్వొచ్చుగా? అద్దెకున్నవాళ్ల సంగతైతే ఎవరూ ఎత్తనే లేదు, బాండ్లు ఆస్తి ఉన్నవాళ్లకే. పేద యూదుల్ని ఊరి అంచున రేకుల కాలనీల్లో పెట్టారు. అలాంటి ఒక కాలనీని, క్యాంప్‌బెల్ అనేదాన్ని, 1931లో అల్లరిమూకలు తగలబెట్టాయి. మధ్య ఊళ్లో అందరితో కలిసి ఉండి ఉంటే అంత సులువయ్యేదా?

పాతమ్యాపులు:
1931కి కూడా ఎబ్రారే కారణమా? ఆయన 1921కల్లా వియత్నాంలోని హనోయ్ వెళ్లిపోయాడమ్మా.

అదీకాక "అందరితో కలిసి" అనేది మీ ఊహ. పాత ఊళ్లో యూదులు ఒక వైపు, ముస్లింలు కొండ మీద, క్రైస్తవులు ఇంకో వైపు, ఎవరి పేట వాళ్లది. పుట్టిన మతాన్ని బట్టి ఇల్లు. దాన్ని చెరిపేసింది ఈ ప్లానే. కొత్త ఊళ్లో ఎవరైనా ఎక్కడైనా కొనుక్కోవచ్చు. నా దృష్టిలో అది కమానులన్నిటి కంటే పెద్ద పని.

కొండవీటి చేంతాడు:
ఇదిగో, ఇప్పుడు బయటికొచ్చింది. మనిద్దరికీ గొడవ ఇక్కడే. మీకు మతం గోడ పోయి డబ్బు గోడ రావడం అభివృద్ధి. నాకు అది మేనేజరు మారిన హోటలు, అంతే. 1912లో ఊరు గ్రీసు చేతికొచ్చింది. దాన్ని గ్రీకు ఊరుగా చేయాలని ప్రభుత్వానికి ఆశ ఉంది, అయిదేళ్లకు మంట దారి ఇచ్చింది. పాపనస్తాసియు మంచివాడే కావచ్చు, ఎబ్రార్‌కి ఎవరి మీదా పగ లేకపోవచ్చు. కానీ ప్లాన్ వల్ల ఎవరు బయటికి పోతారో తెలిసీ సంతకం పెట్టిన ఆర్కిటెక్ట్‌కి "నేను గీత మాత్రమే గీశాను" అనే హక్కు లేదు.

పాతమ్యాపులు:
ఉంది. ఆర్కిటెక్ట్ రోడ్డు గీస్తాడు, డబ్బు ఎవరికివ్వాలో ప్రభుత్వం చూస్తుంది. అన్నీ ఆయనే చూడాలంటే ఏ ఊరూ కట్టలేం. పైగా 1920 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, వేలం నడిపింది తర్వాతివాళ్లు.

సిమెంట్ రంగడు:
చూశారా, వేలం దగ్గర "తర్వాతివాళ్లు" అంటారు, స్క్వేర్ దగ్గర మాత్రం అంతా ఎబ్రారే అంటారు. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

ఉప్పుటేరు:
రంగడు గారి దెబ్బ తగిలింది 😀 లండన్ మాట మీరే తెచ్చారు కాబట్టి, అక్కడ ఫైర్ కోర్టు పెట్టారు తెలుసా? యజమాని, అద్దెదారు ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఎవరు కట్టాలి, అద్దె ఎంత తగ్గించాలి, లీజు ఎన్నేళ్లు పెంచాలి అని ఒక్కో ఇంటికీ తేల్చారు. ఇటుక, రాయి తప్పనిసరి చేశారు, కొన్ని వీధులు వెడల్పు కూడా చేశారు. రెన్ గీసిన రోడ్లు రాలేదు కానీ, అద్దెకున్నవాడి గోడు వినే చోటు ఉంది.

పాతమ్యాపులు:
కొత్తగా కట్టిన ఇళ్లలో వేలాది ఇళ్లు 1670లలో ఖాళీగా పడున్నాయి, అది కూడా రాయండి. మంటప్పుడు పోయినవాళ్లు చాలామంది తిరిగే రాలేదు.

కొండవీటి చేంతాడు:
రాకపోవడం వేరు, రానివ్వకపోవడం వేరు. బాండ్ల మీద నేను అడిగినదానికి ఇంకా మీ జవాబు రాలేదు. రేపు చూస్తా.