ఒక్క చుక్క నూనె కూడా తగలని దుకాణానికి నష్టపరిహారం ఇవ్వాలా?

అలలదారి

ఒక పాత కేసుతో మొదలుపెడతాను. 1980 జులైలో అమెరికాలో, మిసిసిపీ నది నుంచి సముద్రంలోకి వెళ్లే ఓడల కాలువలో రెండు ఓడలు ఢీకొన్నాయి. అందులో ఒకదాని పేరు టెస్ట్‌బ్యాంక్. కంటైనర్లు నీళ్లలో పడి విషరసాయనం కలిసింది. అధికారులు కాలువ మూసేశారు, చుట్టుపక్కల వేట ఆపేశారు. మొత్తం 41 దావాలు పడ్డాయి.

వేటకెళ్లే మత్స్యకారుల దావాలను కింది కోర్టు నిలబెట్టింది. మిగతావాళ్ల సంగతి చూడండి. చేపలు కొని అమ్మేవాళ్లు, పడవలు అద్దెకిచ్చేవాళ్లు, గాలాలూ ఎరలూ అమ్మే దుకాణాలు, చేపల వంటకాల హోటళ్లు, వీళ్లకు ఒక్క పైసా రాదని 1985లో అప్పీల్ కోర్టు తేల్చింది. మీ ఆస్తికి భౌతికంగా దెబ్బ తగల్లేదు కాబట్టి మీది ఉత్తి ఆర్థిక నష్టమే అంది. ఈ సూత్రానికి మూలం 1927 నాటి రాబిన్స్ డ్రై డాక్ తీర్పు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది అన్యాయం. ఎర అమ్మేవాడి దుకాణం గోడకు మసి అంటకపోవచ్చు. కానీ అతని బేరం అంతా ఆ నీళ్ల మీదే నడుస్తుంది. నీళ్లు పాడుచేస్తే అతని దుకాణానికి తాళం వేసినట్టే. మీరేమంటారు?

సూటిమాట

అలలదారి గారూ, బాధ అర్థమైంది. కానీ గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదండీ.

1989 మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కాలో రాతిదిబ్బకు తగిలి సుమారు 1.1 కోటి గ్యాలన్ల ముడి చమురు ఒలికింది. అక్కడి నుంచి ట్యాంకర్ల రాకపోకలు కొన్నాళ్లు ఆగాయి. కాలిఫోర్నియాలో పెట్రోలు ధర పెరిగిందని, ఆ పెరిగిన డబ్బు చమురు కంపెనీ ఎక్సాన్ కట్టాలని అక్కడి వాహనదారులు దావా వేశారు. 1992లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. మీ లెక్కన వాళ్లకూ ఇవ్వాలా? ఎర అమ్మేవాడికి ఇస్తే అతనికి గాలాలు సప్లై చేసే హోల్‌సేలర్ వస్తాడు, ఆయన వెనకాల ట్రాన్స్‌పోర్టు వాళ్లు వస్తారు. దీనికి అంతెక్కడ?

ఇంకో మాట. ఒక బీచ్ పాడైతే జనం సెలవులు మానుకోరు, పక్క బీచ్‌కి వెళ్తారు. ఇక్కడ ఒక లాడ్జి నష్టపోతే అక్కడ ఇంకొకటి బాగుపడుతుంది. సమాజం మొత్తంగా చూస్తే పోయింది ఎంత?

అలలదారి

పక్క ఊరి లాడ్జి ఆ లాభాన్ని తెచ్చి ఈ లాడ్జి ఓనర్‌కి ఇవ్వదు కదండీ. బ్యాంకు వాయిదా కట్టాల్సింది ఈయనే. “సమాజం మొత్తంగా” అనే మాట ఆయన తలుపు తట్టిన బ్యాంకు మనిషికి చెప్పలేడు. పైగా ఆ లెక్క ఒప్పుకుంటే, ప్రమాదం చేసినవాడికి దాని ఖర్చు అసలుకంటే తక్కువ కనిపిస్తుంది. తక్కువ కనిపిస్తే జాగ్రత్తకి పెట్టే ఖర్చూ తగ్గిస్తాడు.

పెట్రోలు కేసు గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను. అక్కడ గీత పడాల్సిందే. గీత ఎక్కడ అన్నదానికి ఆధారం వేరే చోట ఉంది, కాసేపట్లో రాస్తాను.

లెడ్జర్

చిన్న వ్యాపారాల లెక్కలు రాయడం నా పని, ఇరవై ఏళ్లుగా. సూత్రం ఏదైనా, చివరికి గొడవంతా కాగితం దగ్గరే.

ఒకసారి ఫ్యాక్టరీ వ్యర్థాలు జలాశయంలో కలిసి బోటింగ్ ఆపేశారు. పడవలు అద్దెకిచ్చే ఒకాయన క్లెయిమ్ నేనే తయారుచేశాను. ప్లాస్టిక్ కవర్లో మూడు నోట్‌బుక్కులు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. పేజీకి ఎడమవైపు పడవ నంబరు, కుడివైపు ఎన్ని గంటలు, కింద ఆ రోజు మొత్తం. ఆదివారాల కింద ఎర్ర ఇంకు గీత. వాన పడిన రోజు “వాన” అని రాసి సున్నా. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. అలాంటి లెక్క పెద్ద కంపెనీల దగ్గర కూడా అరుదుగా చూశాను. కానీ పన్ను రిటర్న్‌లో చూపింది అందులో సగం కూడా లేదు. క్లెయిమ్ చూసే అధికారి నోట్‌బుక్కులు పక్కకు జరిపి, రిటర్న్‌లో ఉన్న అంకె మాత్రమే రాసుకున్నారు.

పన్ను తక్కువ కట్టడం తప్పే, ఆయనకీ అదే చెప్పాను. కానీ ఆ వాన సున్నాలు ఎవరూ అబద్ధానికి రాయరు. పడవలకు కొన్న డీజిల్ బిల్లులు, ఫోన్‌లో వచ్చిన చెల్లింపులు పక్కన పెట్టి చూస్తే నోట్‌బుక్కు నిజమో కాదో ఒక పూటలో తేలిపోయేది. చూడాలన్న ఓపిక లేకపోయింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సూటిమాట

లెడ్జర్ గారూ, మీరు చెప్పిన మనిషి నిజాయితీపరుడు. అందరూ అలా ఉండరు. ఓపికగా కాగితాలు చూడటం మానేసి ఫార్ములా పెడితే ఏమైందో 2010 చమురు విపత్తులో చూశాం. సముద్రంలో చమురు తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు, 87 రోజులు మెక్సికో సింధుశాఖలోకి చమురు కారింది. ఆ బావి నడిపిన బీపీ కంపెనీ బాధితులతో 2012లో చేసుకున్న ఒప్పందంలో తీరాన్ని జోన్లుగా విడగొట్టారు. నీళ్లకు దగ్గరి జోన్‌లో ఉంటే నష్టానికి కారణం చమురే అని రుజువు చేయనక్కర్లేదు. దూరంగా ఉన్నవాళ్ల ఆదాయం 2010లో వరుసగా మూడు నెలలు పడిపోయి, 2011లో మళ్లీ లేస్తే చాలు. గ్రాఫ్‌లో ఇంగ్లిష్ “వి” అక్షరంలా కనిపించాలి. అంతే.

ఆదాయం పడటానికి వంద కారణాలుంటాయి. ఓనర్‌కి ఒంట్లో బాగోలేకపోయినా పడుతుంది. చమురుతో సంబంధంలేని వ్యాపారాలకూ డబ్బు పోతోందని బీపీ కోర్టుకెక్కింది. 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు.

లెడ్జర్

అందులో బీపీ మాట కొంత నెగ్గింది కూడా. ఏ ఆదాయం కోసం పెట్టిన ఖర్చుని ఆ ఆదాయానికే జతచేయాలని 2013లో అప్పీల్ కోర్టు చెప్పింది. అది సరైన మాటే. అలా చేయకపోతే, పంట ఒక సీజన్లో అమ్మి, ఎరువులు ఇంకో సీజన్లో కొనేవాడి పుస్తకంలో ఉత్తుత్తి నష్టం కనిపిస్తుంది. అయితే ఆ ఫార్ములాని బీపీయే కూర్చుని ఒప్పుకుంది. లక్ష మంది క్లెయిమ్‌లని ఒక్కొక్కటిగా విచారిస్తే పదేళ్లు పడుతుందని వాళ్లకీ తెలుసు. కొందరికి ఎక్కువ పోవడం ఒక తప్పు, అర్హులు పదేళ్లు ఎదురుచూడటం ఇంకో తప్పు. రెండో తప్పే పెద్దదని నేనంటాను.

రాత్రిషిఫ్ట్

నేను వ్యాపారిని కాదు. చేపల ప్యాకింగ్ యూనిట్‌లో ఆరేళ్లు రాత్రి షిఫ్ట్ చేశాను. సరుకు రాకపోతే ఓనర్ ఫోన్ చేసి “రేపటి నుంచి రావద్దమ్మా” అంటారు, అంతే. ఓనర్‌కి పరిహారం వస్తుంది సరే. అందులో మా జీతం ఉంటుందా?

లెడ్జర్

చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పరిహారం అమ్మకాలకు ఇవ్వరు, పోయిన లాభానికి ఇస్తారు. విపత్తు లేకపోతే యూనిట్‌కి నెలకి 100 వచ్చేదనుకుందాం. సరుకుకి 50, జీతాలకు 25, అద్దెకు 10 పోగా మిగిలేది 15. ఇప్పుడు అమ్మకం సున్నా. సరుకు కొనలేదు కాబట్టి 50 మిగిలింది, దాన్ని తీసేస్తారు. మీ అందరినీ పంపేస్తే ఆ 25 కూడా “ఆదా అయిన ఖర్చు” కిందికి వస్తుంది, దాన్నీ తీసేస్తారు. ఓనర్‌కి వచ్చేది 25. అద్దె 10, లాభం 15. అందులో మీ జీతం లేదు. అదే మిమ్మల్ని పనిలో ఉంచి జీతం ఇస్తూ ఉంటే, ఆ 25 ఆదా కాలేదు కాబట్టి క్లెయిమ్ 50 అవుతుంది.

అంటే పనివాళ్లని నిలబెట్టుకున్న ఓనర్‌కి చట్టంలో నష్టం లేదు. కాకపోతే ఆ జీతాలు ముందు తన జేబులోంచి కట్టాలి, పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే మొదటి నెలలోనే ఎంతో కొంత అడ్వాన్సు అందడం అంత ముఖ్యం. పంపేసిన పనివాళ్లు విడిగా తమ క్లెయిమ్ వేసుకోవాలి. అమెరికా 1990 చమురు కాలుష్య చట్టం లాభం పోయినవాళ్లతోపాటు సంపాదించే అవకాశం పోయినవాళ్లకూ ఆ హక్కు ఇచ్చింది.

రాత్రిషిఫ్ట్

విడిగా వేసుకోవాలని మాకెవరు చెబుతారు సార్? జీతం చేతికి నోట్లుగానే ఇచ్చేవారు. నా దగ్గరున్న రుజువు పాత గేట్ పాస్ ఒక్కటే. క్లెయిమ్ ఫారంలోనే “మీ దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు, జీతాలు రాయండి” అని ఒక పేజీ పెట్టి, ఓనర్ సంతకం తీసుకుంటే సరిపోతుంది. ఓనర్‌కి డబ్బు రావాలంటే మా పేర్లు రాయక తప్పదు.

నీలిగట్టు

ముందు సముద్రాన్ని బాగుచేయనివ్వండి. డబ్బంతా క్లెయిమ్‌లకీ లాయర్లకీ పోతే నీళ్లకి మిగిలేదేంటి?

అలలదారి

నీలిగట్టు గారూ, రెండూ ఒకే సంచిలోంచి తీయాలని ఎవరన్నారు? పరిమితి పెట్టిన చోటే ఆ పోటీ వస్తుంది. 2010లో అమెరికా చట్టం ప్రకారం బావి లీజు ఉన్న కంపెనీ బాధ్యత, శుభ్రం చేసే ఖర్చు కాకుండా, 7.5 కోట్ల డాలర్లకే పరిమితం. ప్రభుత్వ ఒత్తిడితో బీపీ ఆ పరిమితిని వదులుకుని 2,000 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. ఆ ఒత్తిడి లేని చోట ఏమయ్యేదో ఆలోచించండి.

ఇప్పుడు గీత సంగతి. ట్యాంకర్ల చమురు ఒలికితే పరిహారమిచ్చే అంతర్జాతీయ నిధి ఒకటుంది. ఆస్తికి దెబ్బ తగలకపోయినా అది క్లెయిమ్ తీసుకుంటుంది, కానీ నాలుగు విషయాలు చూస్తుంది. వ్యాపారం కలుషితమైన చోటికి ఎంత దగ్గరలో ఉంది? పాడైన నీటి మీద, తీరం మీద ఎంతగా ఆధారపడింది? వేరే సరుకో వేరే బేరమో దొరికే దారి ఉందా? ఆ ప్రాంతపు ఆర్థిక జీవితంలో అది భాగమేనా?

ఎర దుకాణాన్ని ఈ నాలుగింటి ముందు పెట్టండి, నిలబడుతుంది. కాలిఫోర్నియా వాహనదారుడిని పెట్టండి, మొదటిదాని దగ్గరే ఆగిపోతాడు. సూటిమాట గారు అడిగిన హోల్‌సేలర్ మధ్యలో ఉంటాడు. అతని అమ్మకాల్లో ముప్పాతిక వంతు ఆ తీరానికే పోతుంటే ఇవ్వాలి, పదో వంతే అయితే వద్దు.

సూటిమాట

ఇది నాకు నచ్చింది. ఆస్తి దెబ్బతిందా లేదా అన్నదానికంటే “ఎంత ఆధారపడ్డారు” అన్నదే మంచి ప్రశ్న, ఒప్పుకుంటున్నాను. కానీ భయం వల్ల పోయిన బేరం మాటేంటి? నీళ్లు శుభ్రంగా ఉన్నాయని పరీక్షలు చెప్పాక కూడా జనం కొనకపోతే, అది కూడా ప్రమాదం చేసినవాడి మీదే వేస్తారా?

నీలిగట్టు

దీనికి నా సమాధానం “అవును”. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జపాన్‌లో దీనికి ఒక పేరే ఉంది, వదంతి నష్టం. పంటలో, చేపల్లో ఏమీ తేలకపోయినా ఆ ఊరి పేరు చూసి కొనడం మానేశారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాలు వ్యవసాయం, చేపలు, పర్యాటకంలో అలాంటి నష్టాన్ని కూడా పరిహారం కిందికి తెచ్చాయి. పిల్లలకు తినిపించే తల్లికి భయం ఉండటం సహజం. ఆ భయాన్ని పుట్టించింది రియాక్టర్ నడిపినవాళ్లే కానీ రైతు కాదు.

సూటిమాట

సరే, కొంతకాలానికి ఒప్పుకుంటాను. ఎప్పటికీ కాదు. ఒక తేదీ పెట్టాలి. పరిహారం ఇచ్చేవాడికి కూడా ఈ లెక్క ఎప్పుడో ఒకప్పుడు ముగియాలి. అందుకే డబ్బు తీసుకున్నాక మళ్లీ దావా వేయనని సంతకం తీసుకోవడంలో నాకు తప్పు కనిపించదు.

అలలదారి

ఇక్కడ మాత్రం గట్టిగా విభేదిస్తాను. 2010 డిసెంబర్ నుంచి బీపీ పెట్టిన నిధి వాళ్లు ఒక త్వరిత చెల్లింపు ఇచ్చారు. మనిషికైతే 5 వేల డాలర్లు, వ్యాపారానికైతే 25 వేలు, పెద్దగా కాగితాలు అడగరు. బదులుగా ఇక బీపీ మీద దావా వేయనని సంతకం పెట్టాలి. నూనె ఆగి అప్పటికి అయిదు నెలలు. నీళ్లలో ఏం జరుగుతుందో శాస్త్రవేత్తలకే తెలియని సమయం. అప్పుల్లో మునిగినవాడి ముందు చెక్కు పెట్టి, ముందున్న పదేళ్ల హక్కు అడిగితే అతను సంతకం పెట్టడా?

అలాస్కాలో హెర్రింగ్ చేపలు కుప్పకూలింది 1993లో, చమురు ఒలికిన నాలుగేళ్లకి. కారణం ఎంతవరకు చమురు అన్నది వేరే చర్చ. కానీ మొదటి ఏడాదే సంతకం పెట్టిన హెర్రింగ్ పడవవాడికి ఆ చర్చలో నోరెత్తే హక్కే ఉండదు.

సూటిమాట

కోర్టుకెళ్లినవాళ్లు మాత్రం ఏం బావుకున్నారండీ? ఎక్సాన్ మీద 1994లో జ్యూరీ వేసిన శిక్షాత్మక పరిహారం 500 కోట్ల డాలర్లు. 2008లో సుప్రీంకోర్టు దాన్ని 50.75 కోట్లకు కోసేసింది. 32 వేల మందికి పైగా ఉన్నారు, 19 ఏళ్లు తిరిగారు. 25 వేలు తీసుకుని ఇంటికెళ్లినవాడే తెలివైనవాడు అనిపించట్లేదా?

అలలదారి

ఆ రెండు దారులే ఉంచినందుకే నా కోపం. మధ్యలో మూడోది ఉండాలి. మూడు నెలలకోసారి అప్పటిదాకా పోయింది ఇచ్చి, రాబోయేదాని మీద హక్కు అలాగే ఉంచడం. 2010 నిధిలో అలాంటి మధ్యంతర చెల్లింపు కాగితం మీద ఉంది కూడా. కానీ దానికి లెక్కలన్నీ చూపాలి, త్వరిత చెల్లింపుకి అక్కర్లేదు. జనం ఎటు వెళ్తారో ముందే తెలుసు. సులువైన ఫారం ఏదో ఒకటే ఉండాలంటే, అది హక్కు పోని ఫారం కావాలి.

రాత్రిషిఫ్ట్

ఆ మూడు నెలల ఫారంలో నేనడిగిన పేర్ల పేజీ కూడా కలపండి సార్.

లెడ్జర్

కలపాల్సిందే. ఇది చదువుతున్న వ్యాపారులకు ఒక్క మాట. మామూలు వ్యాపార బీమా పాలసీల్లో చాలావరకు ఆస్తి దెబ్బతింటేనే ఆదాయ నష్టం ఇస్తారు, కాలుష్యాన్ని విడిగా మినహాయిస్తారు కూడా. మీ పాలసీ ఈ వారంలోనే తీసి చదవండి. రోజు కలెక్షన్ ఎక్కడో ఒకచోట తేదీతో రాయండి. జీతం ఇచ్చినప్పుడు పనివాళ్ల సంతకం తీసుకోండి, ఫోన్‌తో ఫొటో తీసి ఆ కాపీ వాళ్లకే పంపండి. బేరం లేని రోజు కూడా వదలకుండా సున్నా వేయండి, పక్కన కారణం రాయండి.